రీఫ్ ట్యాంక్‌కి ఫ్రోజెన్ ఫుడ్: బ్లెండర్ పక్కన పెట్టి కత్తి తీయండి

మెరైన్ ట్యాంక్‌కి, అంటే సముద్రపు చేపలూ కోరల్స్ (పగడాలు) ఉండే ఉప్పునీటి ట్యాంక్‌కి, ఇంట్లోనే ఫ్రోజెన్ ఫుడ్ చేసుకోవాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఏమేం కలపాలని. రొయ్యలు ఎన్ని, స్క్విడ్ ఎంత, ఏ విటమిన్ చుక్కలు మంచివి అని. నీళ్లు చెడేది మాత్రం చాలాసార్లు అక్కడ కాదు, ముక్క సైజు దగ్గరా, ముక్కల మధ్య మిగిలిపోయిన రసం దగ్గరా. ఎంత మంచి సరుకు తెచ్చినా బ్లెండర్‌లో వేసి నిమిషం తిప్పితే తయారయ్యేది ముద్ద. ట్యాంక్‌లో పడగానే అది పాలలా చెదిరిపోతుంది. చేప నోటికి అందేది కొంచెమే, మిగతాది రాళ్ల సందుల్లోకి, ఇసుకలోకి, ఫిల్టర్ సాక్‌లోకి (నీళ్లను వడకట్టే గుడ్డ సంచిలోకి) పోయి కుళ్లుతుంది. అందుకే చేపలకు కత్తితో కోసిన ముక్కలు, కోరల్స్‌కి జల్లించిన సన్నటి పొడి, రెండూ వేర్వేరుగా చేయాలి. అన్నిటికీ ఒకటే మిక్స్ అనేది చేసేవాళ్లకు సుఖమే కానీ తినేవాటికి కాదు.

సరుకు సముద్రానిదే అయి ఉండాలి, పచ్చిదై ఉండాలి. సముద్రపు చేపలకు ఈపీఏ, డీహెచ్‌ఏ అనే పొడవాటి ఒమేగా-3 కొవ్వులు తిండిలోంచే రావాలి. చిన్న కొవ్వు ఆమ్లాల నుంచి వాటిని తయారుచేసుకునే శక్తి చాలా సముద్రపు చేపలకు నామమాత్రం. మంచినీటి చేప మాంసంలో ఇవి తక్కువ. ఎప్పటినుంచో చలామణీలో ఉన్న బీఫ్ హార్ట్ అయితే అసలే దండగ, దాని కొవ్వు ట్యాంక్ ఉష్ణోగ్రతలో గడ్డగానే ఉంటుంది. ఉడికించిన రొయ్యలు కూడా వద్దు. నీళ్లలో కరిగే విటమిన్లు, రుచినిచ్చే అమైనో ఆమ్లాలు ఆ ఉడికిన నీళ్లతోనే పోతాయి.

ప్యాకెట్ రొయ్యలు కొంటే వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే తిరిగి పెట్టేయండి. బరువు నిలవడానికి, నీరు పట్టి ఉంచడానికి కలిపే ఫాస్ఫేట్ అది. చేతికి సబ్బులా జారుతూ, కోస్తే గాజులా మెరిసే రొయ్యల మీద అనుమానం పెట్టుకోవచ్చు. తలలు తీసేయండి. జీర్ణ ఎంజైములు ఎక్కువగా అక్కడే ఉంటాయి, రొయ్య మెత్తబడి చెడటం మొదలయ్యేది తల దగ్గరే. పొట్టు కొంచెం ఉంచితే నష్టం లేదు, రంగునిచ్చే ఆస్టాక్సాంథిన్ అందులో ఉంటుంది. ట్రిగ్గర్, పఫర్ చేపలు ఉంటే పొట్టు ఉంచి తీరాలి, ఆగకుండా పెరిగే వాటి పళ్లు అరిగేది దానివల్లే.

ట్యాంక్‌లో క్లీనర్ ష్రింప్ లాంటి పెంపుడు రొయ్యలు ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. సాగు రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ ఫ్రీజర్‌లో చావదు, అది చాలా రకాల రొయ్యలకూ పీతలకూ అంటుకుంటుంది. అలాంటి ట్యాంక్‌కి పచ్చి రొయ్య మానేసి చేప, స్క్విడ్, స్కాలప్ అనే గుల్ల మాంసంతో సరిపెట్టుకోవడం నయం. లేదంటే రొయ్యల భాగం వరకు గామా కిరణాలతో శుద్ధి చేసిన రెడీమేడ్ ఫుడ్ వాడవచ్చు.

ఇక ఆల్చిప్పలు. చేపలు వాటిని ఎగబడి తింటాయి. అయితే ఆల్చిప్పల్లో, గుల్లల్లో, ఆంకోవీ, హెర్రింగ్ లాంటి కొన్ని చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బీ1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అది ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. లయన్‌ఫిష్‌కి నెలల తరబడి ఇలాంటి ఒకే రకం చేప పెడితే వచ్చే తిప్పలు ఇక్కడివే: తిండి మానడం, తూలుతూ ఈదడం. అందుకని మొత్తం మిక్స్‌లో ఆల్చిప్పల వాటా పదో వంతు దాటనివ్వకండి. బీ1 ఉన్న విటమిన్‌ను మిక్స్‌లో కలిపి గడ్డకట్టించకండి, వారాల తరబడి ఆ ఎంజైమ్ పక్కనే పెట్టినట్టవుతుంది. పెట్టే రోజున కప్పులో కలపండి.

చేపల మిక్స్‌కి కొలతలు ఇవి. తల తీసిన రొయ్య 300 గ్రాములు, కొవ్వు తక్కువున్న తెల్ల మాంసపు సముద్రపు చేప 250, స్క్విడ్ 150, స్కాలప్ లేదా ఆల్చిప్ప మాంసం 80, ఉప్పూ చక్కెరా రంగూ కలపని చేప గుడ్లు 50. ఉప్పు, నూనె, మసాలా లేని నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) 10 షీట్లు. ట్యాంగ్‌లు, ఫాక్స్‌ఫేస్ లాంటి శాకాహారులు ఎక్కువుంటే నోరి 20 వేసినా పర్వాలేదు, వాటికి విడిగా క్లిప్‌కి ఇంకో షీట్ ఎలాగూ కట్టాలి. మైసిస్, బ్రైన్ ష్రింప్ లాంటి రొయ్యల్లాంటి చిన్న జీవుల రెడీమేడ్ ఫ్రోజెన్ క్యూబులు ఇందులో కలపకండి. అవి కరిగి మళ్లీ గడ్డకట్టేసరికి పొట్ట పగిలి, తోలు మాత్రమే మిగులుతుంది. వాటి పెట్టెలో వాటిని ఉండనిచ్చి, పెట్టే రోజున కప్పులో జత చేస్తే చాలు.

మాంసం మొత్తాన్ని ముందు అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. అంచులు బిగుసుకుని మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడు కత్తి కింద జారకుండా చక్కగా తెగుతుంది, రసం కూడా తక్కువ కారుతుంది. క్లౌన్‌ఫిష్, ఆంథియాస్, క్రోమిస్ లాంటి చిన్న నోళ్లకు 1–2 మిల్లీమీటర్లు. ట్యాంగ్‌లు, ఏంజెల్స్‌కి 3–5. ట్రిగ్గర్లు ఉంటే 8–10 దాకా వెళ్లవచ్చు. అన్ని రకాలూ ఉన్న ట్యాంక్ అయితే మూడొంతులు సన్నవి, ఒక వంతు పెద్దవి ఉండేలా కోయండి. ముందు పెద్ద ముక్క అందుకున్న ట్యాంగ్ దాంతో తంటాలు పడుతుంటే చిన్నవాటికి తినే సందు దొరుకుతుంది.

ఓపిక కావలసింది స్క్విడ్ దగ్గరే. పైపొర ఒకటి, లోపలి వైపు పలచటి పొర ఇంకొకటి ఉంటాయి, రెండూ ఒలిచేయాలి. అవి తెగకుండా సాగుతాయి. పొర ఉన్న ముక్క చేప నోట్లో సగం, బయట సగం వేలాడుతుంది, కాసేపు నమిలి ఉమ్మేస్తుంది. ఒలిచాక ఆ తెల్ల పలకను బల్ల మీద పరిచి, ఒక దిక్కున సన్నగా, మళ్లీ అడ్డంగా సన్నగా కోస్తే 2 మిల్లీమీటర్ల గడులొస్తాయి. బ్లెండర్‌లో వేస్తే ఇదే స్క్విడ్ బ్లేడుకు దారంలా చుట్టుకుంటుంది.

కోసిన ముక్కల్ని సన్న జల్లెడలో వేసి, చల్లటి ఆర్‌ఓ నీళ్లతో ఒక్కసారి కడిగి, జల్లెడతో సహా ఫ్రిజ్‌లో పది నిమిషాలు వదిలేయండి. అదే పనిగా నానబెట్టి కడగొద్దు. చేపను రప్పించే వాసన ఆ కరిగే అమైనో ఆమ్లాలదే. నోరిని నీళ్లలో నానబెట్టకుండా పొడిగా నలిపి కడిగిన ముక్కల్లో కలపండి. జల్లెడ దాటకుండా మిగిలిన తడినంతా అది పీల్చుకుంటుంది, ముక్కలకు అతుక్కుంటుంది కూడా.

పట్టి ఉంచడానికి జెలటిన్. 150 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో 20 గ్రాములు చల్లి 5 నిమిషాలు ఉబ్బనివ్వండి, తర్వాత 60 డిగ్రీల దాకా వేడి చేసి కరిగించండి. మరిగిస్తే పట్టు పోతుంది. 40 డిగ్రీలకు దిగాక ముక్కల్లో పోసి గబగబా కలపాలి. మరీ వేడిగా పోస్తే చేప ముక్కలు తెల్లబడి ఉడుకుతాయి, ముక్కలు గడ్డకట్టి ఉంటే జెలటిన్ పోసిన చోటే తీగలు తీగలుగా బిగుసుకుంటుంది. 25–26 డిగ్రీల ట్యాంక్‌లో ఇది మెత్తబడినా, చేపలు తినేంతసేపు విడిపోదు. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ ఇంకా గట్టిగా నిలుస్తుంది కానీ, 85 డిగ్రీల దాకా వేడిచేస్తే గానీ కరగదు, పైగా చేపకు అరగదు. నేనైతే అగర్ జోలికి వెళ్లను.

గడ్డకట్టించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చెంచా మిక్స్‌ని ఫ్రిజ్‌లో బిగుసుకోనిచ్చి, గాజు గ్లాసులో ట్యాంక్ నీళ్లు పోసి, గోరంత ముక్క తుంచి వేయండి. గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి చూస్తే అంతా తెలిసిపోతుంది. ముక్క దిగుతున్న దారిలో తెల్లటి పొగలాంటి చార కనిపిస్తే రసం ఇంకా ఉందన్నమాట, మళ్లీ వడకట్టి ఇంకో రెండు నోరి షీట్లు వేయాలి. ఐదు నిమిషాల తర్వాత కూడా గ్లాసులోంచి కాగితం నల్లగానే కనిపిస్తే మిక్స్ సిద్ధమైనట్టే.

జిప్‌లాక్ కవర్లలో వేసి 4–5 మిల్లీమీటర్ల మందాన పలచగా అదిమి, గాలి మొత్తం తోసేసి, ఫ్రీజర్‌లో లోహపు పళ్లెం మీద పరచండి. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, మంచు స్ఫటికాలు చిన్నవిగా ఏర్పడతాయి. మందపాటి దిమ్మ నెమ్మదిగా గడ్డకట్టి స్ఫటికాలు పెద్దవై కణాలను చీల్చేస్తాయి, కరిగినప్పుడు రసం మొత్తం బయటకు వస్తుంది. అంత జాగ్రత్తగా వడకట్టింది వృథా. గంట తర్వాత తీసి కవర్ మీదే కత్తి వెనక వైపుతో గడులు గీస్తే, తర్వాత చాక్లెట్ బిళ్లలా పుటుక్కున విరుగుతుంది. కవర్ మీద తేదీతో పాటు ఇది ట్యాంక్‌దని కూడా రాయండి, లేకపోతే ఎవరో ఒకరు వంటకు తీస్తారు.

మైనస్ 18 డిగ్రీల దగ్గర మూడు నెలల్లో వాడేయడం మంచిది. తనంతట తానే మంచు కరిగించుకునే ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతుంటుంది, కవర్లను తలుపు దగ్గర పెట్టకుండా వెనక గోడ వైపు తోయండి. అంచులు తెల్లగా ఎండినా, పసుపు తిరిగినా, పాత నూనె వాసన వచ్చినా పారేయండి. కొవ్వు ఆక్సీకరణం చెందాక ఆ ఒమేగా-3లు ఉపయోగపడకపోగా చేపకు కీడే చేస్తాయి.

కోరల్స్‌కి లెక్క వేరు. అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్, అంటే చిన్న పాలిప్‌ల (పువ్వులాంటి నోళ్ల) రాతి కోరల్స్, నోళ్లు చాలా చిన్నవి, అర మిల్లీమీటరు లోపు పొడి కావాలి. ట్రాకీఫిలియా, లోబోఫిలియా లాంటి ఎల్‌పీఎస్, అంటే పెద్ద పాలిప్‌ల రాతి కోరల్స్, మైసిస్‌ను అలాగే మింగగలవు. బ్లెండర్‌కి పని ఇక్కడ. 50 గ్రాముల చేప గుడ్లు, 50 గ్రాముల స్కాలప్, 30 గ్రాముల రొయ్య తీసుకుని 200 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లలో రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. ట్యాంక్ ఉప్పదనమే, 35 పీపీటీ (వెయ్యి వంతులకు 35), ఉండాలి. మంచినీళ్లయితే కణాలు ఉబ్బి పగిలి లోపలిదంతా నీళ్లపాలవుతుంది. టీ వడగట్టులో పోస్తే పైన మిగిలింది ఎల్‌పీఎస్‌కి. కిందికి దిగినదాన్ని పొడవాటి గ్లాసులో ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేలిన పాల నీళ్లు ఒంపేయండి. అడుగున పేరుకున్నదే ఎస్‌పీఎస్‌కి, గోర్గోనియన్లకు (విసనకర్రలాంటి మెత్తటి కోరల్స్‌కి). బద్ధకించి ఆ పాల నీళ్లు కూడా ట్యాంక్‌లో పోసేవాళ్లే తర్వాత నైట్రేట్ గురించి బాధపడుతుంటారు. ఈ రెంటినీ చిన్న గుంటల ట్రేలో సగం దాకా మాత్రమే నింపి గడ్డకట్టించండి.

పెట్టేటప్పుడు ముందు చేపలకు పెట్టండి, లేకపోతే కోరల్ నోటి దగ్గరిది లాక్కుంటాయి. రిటర్న్ పంప్, అలలు పుట్టించే వేవ్‌మేకర్లు 15–20 నిమిషాలు ఆపండి. ఎల్‌పీఎస్‌కి నోటికి ఒక మైసిస్ అంత ముక్క, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి, కొన్ని గంటల తర్వాత జిగురుతో కలిపి కక్కేస్తుంది. అది అక్కడే పడి కుళ్లితే కోరల్ కణజాలం కూడా దెబ్బతింటుంది. సన్ కోరల్‌కి వెలుతురుతో పని లేదు, తిండే ఆధారం, కాబట్టి వారానికి రెండు మూడుసార్లు ప్రతి పాలిప్‌కీ అందాలి. ముడుచుకుని ఉంటే ముందు ఫుడ్ కరిగిన నీళ్లు కాస్త సిరంజితో దాని మీద వదిలి పదిహేను నిమిషాలు ఆగండి, వాసనకు విప్పుకుంటుంది. రొయ్యలు దోచుకుంటుంటే అడుగు కోసేసిన చిన్న ప్లాస్టిక్ సీసాను కోరల్ మీద బోర్లించి మూతి లోంచి పెట్టవచ్చు.

కరిగించడానికి చిన్న కప్పులో ట్యాంక్ నీళ్లు, 10–15 నిమిషాలు. వేడి నీళ్లూ మైక్రోవేవూ వద్దు. కరిగినదాన్ని సన్న వల మీద పోసి నీళ్లు వంపేయడం మంచి అలవాటే, దాంతో ఫాస్ఫేట్ సమస్య తీరిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. రొయ్య మాంసంలో ఫాస్ఫరస్ గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్‌గా చెబితే 6. రోజుకు 3 గ్రాములు వేస్తే 200 లీటర్ల ట్యాంక్‌లోకి 0.09 పీపీఎం వరకు చేరవచ్చు. అందులో చేప ఒంట పట్టేది పోను మిగిలేదే నీళ్లలో ఉంటుంది. ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం మాంసంలోనే ఉంది, కడిగిన నీళ్లలో పోయేది కొంచెం. కాబట్టి చూసుకోవలసింది ఎంత వేస్తున్నామన్నది. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేంత వేసి, ఆంథియాస్ ఉంటే అదే మొత్తాన్ని రోజుకు మూడు నాలుగు విడతలు చేయండి.

విటమిన్, ఒమేగా చుక్కలు వంపేసిన తర్వాతే వేయాలి, పది నిమిషాలు ఊరనివ్వాలి. ముందే వేస్తే వంపిన నీళ్లతోనే పోతాయి. నూనె చుక్కలు, చేప గుడ్లు వేసిన రోజు స్కిమ్మర్ (మలినాన్ని నురగగా తీసే పరికరం) నురగ చచ్చిపోతుంది, కొన్ని గంటల్లో మామూలవుతుంది. కంగారుపడి సెట్టింగ్ మార్చారంటే అర్ధరాత్రి స్కిమ్మర్ కప్పు పొంగుతుంది. పంప్ ఆపి ఆన్ చేయడం మరిచిపోయేవాళ్లు టైమర్ ప్లగ్ పెట్టుకోవడం మేలు. మర్నాడు నీళ్లు మసగ్గా ఉంటే అది బ్యాక్టీరియా ఉధృతి, అప్పుడు ముందు తగ్గేది ఆక్సిజన్. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, ఒక రోజు తిండి ఆపి, సాక్ మార్చండి.

మాండరిన్ లాంటి డ్రాగనెట్లకు ఈ శ్రమంతా పనికొస్తుందని ఆశ పెట్టుకోకండి. కొన్ని ఫ్రోజెన్ తినడం నేర్చుకుంటాయి, చాలావాటికి కోపిపాడ్‌లు అనే బతికున్న సూక్ష్మ జీవులే కావాలి, అదీ రోజంతా ఏరుకుంటూ. పొట్ట లోపలికి పోయి, వెన్ను వెంట గీత తేలిందంటే కప్పులో ఏం కలిపినా లాభం లేదు, కోపిపాడ్‌లు తెచ్చి వదలాల్సిందే.