బందరులో మూడొందల ఆటో

విజయవాడలో నాన్‌స్టాప్ ఎక్కితే ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు, అంటే మచిలీపట్నం. దారి గురించి చెప్పడానికేమీ లేదు, నా సీటు పక్క కిటికీ అద్దం ఊడిపోయి ఉందన్న చిరాకు తప్ప. దిగాక కోనేరు సెంటర్‌లో ఆటో మాట్లాడుకున్నాను. డచ్చివాళ్ళ సమాధులు, ఆ తర్వాత కోట, మళ్ళీ బస్టాండు. నాలుగొందలన్నాడు, మూడొందలకు దిగాడు. అదీ ఎక్కువే.

"సమాధుల కాడికాండీ? అందరూ మంగినపూడి బీచికో, చిలకలపూడి పాండురంగడి గుడికో రమ్మంటారు. చుట్టాలెవరన్నా ఉన్నారా అక్కడ?" అన్నాడు డ్రైవర్. అరవై దాటి ఉంటాయి. నవ్వాడో లేదో అద్దంలో కనబడలేదు.

డచ్చివాళ్ళు, అంటే హాలండ్ వాళ్ళు, 1605లో వచ్చారు, ఇంగ్లీషు కంపెనీ 1611లో. గోల్కొండ రాజ్యానికి రేవు ఇదే. కలంకారీ బట్టలు ఇక్కణ్ణుంచే ఓడలెక్కేవి. ఫ్రెంచివాళ్ళూ వచ్చారు, 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ దెబ్బకు కోట వదులుకున్నారు. వలందపాలెం (వలందలంటే డచ్చివాళ్ళు), ఇంగ్లీషుపాలెం, పరాసుపేట (పరాసులంటే ఫ్రెంచివాళ్ళు): బందరు వీధులు ఇప్పటికీ ఆ కంపెనీల హాజరు పట్టీలాగే ఉన్నాయి.

సమాధుల దగ్గర నీలం బోర్డు ఉంది. రాయి పాడుచేస్తే ఎన్నాళ్ళు జైలు, ఎంత జరిమానా అన్నీ వివరంగా రాశారు. లోపల ఉన్నదెవరో ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండింది.

రాళ్ళు మాత్రం చూసి తీరాల్సినవే. అక్షరాలు లోపలికి తొలిచినవి కావు. చుట్టూ రాయి చెక్కేసి, అక్షరాన్ని పైకి తేల్చారు. పైన వంశ చిహ్నం, దాని కింద వరసలు. వేలితో తడిమితే అంచు ఇంకా తెలుస్తుంది. డచ్చి భాష నాకు రాదు, పదహారు వందల నాటి అంకెలు మాత్రం చదవగలిగాను. డ్రైవరూ చెప్పులు బయట వదిలి వచ్చి ఒక రాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇంత పని చేయించుకున్నాడంటే డబ్బున్నోడే" అన్నాడు.

ఈ మనుషులెవరో తేలాలంటే డచ్చి కంపెనీ కాగితాలు చూడాలి, అవి నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళవి లండన్‌లో, కొన్ని చెన్నై ఎగ్మూరులో. రాళ్ళేమో ఇక్కడ. ఆ కాగితాల్లోంచి నాలుగు పేర్లు తెలుగులోకి తెచ్చి ఈ బోర్డు మీద రాయడానికి ఎంత ఖర్చవుతుంది? మా ఊళ్ళో పాత సత్రం కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టినప్పుడు ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు దాని ఫొటో కోసం ఇల్లిల్లూ అడుగుతుంటే పెళ్ళి ఆల్బమ్‌లో పెళ్ళికొడుకు వెనక సగం అరుగు దొరికింది. అంతే.

కోట ఊరికి దూరంగా, సముద్రం వైపు. గంటస్తంభం, ఆయుధాగారం, ముళ్ళకంప. ఎండ భరించలేక త్వరగానే తిరుగుముఖం పట్టాను. కానీ డ్రైవర్ నోరు అక్కడే తెరుచుకుంది. "ఉప్పెనలో నీళ్ళు దీన్నీ ముంచేశాయంటండి. మా ముత్తాత వాళ్ళమ్మ చింతచెట్టెక్కి బతికిందంట. తెల్లారి దిగితే ఊళ్ళో పలకరించే మనిషి లేడంట." దివిసీమ ఉప్పెనా అని అడిగాను. "అది నేను చూశానుగా, డెబ్భై ఏడు. ఇది తెల్లోళ్ళ నాటిదండి." అంటే 1864 నవంబరు 1 రాత్రి వచ్చినది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. గార్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ ఉప్పెన సంగతి ఉంది. చింతచెట్టు సంగతి ఉండదు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానంటే సిగ్గుపడి, జుట్టు సర్దుకుని మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. ఈసారి చెట్టు ఇంకా పెద్దదైంది.

బస్టాండు దగ్గర తొక్కుడు లడ్డు కొన్నాను, ధర వింటేనే కడుపు నిండింది. డబ్బులిస్తుంటే డ్రైవర్ తన నంబరు రాయించాడు.

"ఆ రాళ్ళ మీద ఏం రాసుందో తెలిస్తే ఫోన్ చేసి చెప్పండి సార్."

"ఎందుకు బాబాయ్?"

"చెప్పి చూపిస్తే ఇంకో వంద అడగొచ్చుగా!"