పది బై పది గదిలో ధైవతం

నెల్లూరు వేదాయపాళెంలో రైలు పట్టాలకి దగ్గర్లోనే మా ఇల్లు. మేడమీద వెనక గది నాది. ఒక కండెన్సర్ మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, పాత ల్యాప్‌టాప్, హార్మోనియం, శృతి బాక్సు, అంతే సరంజామా. పగలు ఉద్యోగం, తెల్లవారుజామున పాట. ఇంట్లో పాడి రికార్డ్ చేసుకోవాలనుకునే మా వీధి పిల్లలు "అన్నా, ఏ మైకు కొనాలి" అని అడుగుతుంటారు. మైకు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ గది ఎట్టా మోగుతుందో వినండి అంటాను. చాలామందికి ఆ జవాబు నచ్చదు. కానీ నేను నమ్మేది అదే.

మా గది పది బై పది. శ్లాబు ఎత్తు కూడా పదడుగులే. రికార్డింగుకి ఇంతకంటే ఇబ్బంది పెట్టే కొలత ఉండదు. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటే 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనాలు) దగ్గర ఒకసారి, దానికి రెట్టింపు 112 దగ్గర ఇంకోసారి గది గుమ్మంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కాబట్టి మూడు వైపుల గుమ్మూ ఒకే చోట పడుతుంది. నేను పాడేది ఒకటి శృతికి, అంటే హార్మోనియం మీద C మెట్టు నాకు "స". ఆ శృతిలో మంద్ర (కింది) స్థాయి చతుశ్రుతి ధైవతం, అంటే కింది "ద", 110 హెర్ట్జ్, గది గుమ్మనే 112 పక్కనే. అంటే మోహన రాగంలో కిందికి దిగి ధైవతం మీద నిలబడ్డానంటే ఆ ఒక్క స్వరం ఉబ్బిపోతుంది. పక్కనున్న పంచమం మామూలుగానే ఉంటుంది. ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి శబ్దాన్ని పెంచే, తగ్గించే సాధనం) అక్కడ తగ్గిస్తే గొంతులో నిండుదనం కూడా పోతుంది.

దీనికి మందు దొరికిన రోజు నాకు పండగే. ఒక స్పీకర్‌ని గది మూలన పెట్టి 110 హెర్ట్జ్ టోన్ వదిలి, గదంతా మెల్లగా నడిచాను. మీరూ చేసి చూడండి. గది నడిమధ్యలో చెవులు నిండిపోయేంత శబ్దం. గోడ వైపు జరుగుతుంటే తగ్గుతూ తగ్గుతూ, గోడకి రెండున్నర అడుగుల దూరంలో బాగా తగ్గిపోతుంది. ఇంకా జరిగి గోడకి చెవి ఆనిస్తే మళ్ళీ హోరు. పదడుగుల్లో నాలుగో వంతు దగ్గర ఆ రెండు గోడల మధ్య అలకి ఒత్తిడి సున్నా అవుతుంది, అందుకని. అందుకే నేను మైకుని మూలన కలిసే రెండు గోడలకీ రెండున్నర అడుగుల దూరంలో పెట్టాను. గుమ్ము తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మిగిలింది ఎత్తు. నిలబడి పాడితే మైకు ఐదడుగుల ఎత్తులో, అంటే నేలకీ శ్లాబుకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. చాప పరుచుకుని, కచేరీలో కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నోరు రెండున్నర అడుగుల ఎత్తుకి వస్తుంది! కూర్చుని పాడి విన్నాను. ధైవతం తన చోట తాను బుద్ధిగా నిలబడింది. ఆ ఆనందం చెప్పలేను, మా అమ్మని పిలిచి రెండూ వినిపించాను. "ఇప్పుడు నీ గొంతులా ఉంది నాయనా" అనింది.

కోడిగుడ్ల అట్టలు గోడకి అంటించే వాళ్ళకి ఒక మాట. అవి పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడతాయేమో గానీ ఈ గుమ్ముని ఏమీ చేయలేవు. 110 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్ల పైమాటే. దాన్ని అంగుళం మందం అట్ట ఏం ఆపుతుంది? అంగుళం ఫోమ్ కూడా అంతే. మందంగా ఉండే పాత దూది పరుపులు మూలల్లో నిలబెడితే కొంత మేలు. నా వెనక గోడకి అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు వేలాడదీశాను. చప్పట్లు కొడితే వచ్చే కీచుమనే ప్రతిధ్వని వాటితో పోయింది.

ఇక రైళ్ళు. చెన్నై, విజయవాడ మెయిన్ లైను కదా, రాత్రనక పగలనక బండి పోతూనే ఉంటుంది. గూడ్సు వణుకుని 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది శబ్దాన్ని కోసేసే ఫిల్టర్) పెట్టి చాలావరకు తీసేయొచ్చు. హారన్‌ని మాత్రం తీయలేం, అది గొంతు ఉండే చోటే ఉంటుంది. చరణం అంతా కుదిరి చివరి సంగతి దగ్గర హారన్ పడితే కడుపు మండిపోతుంది. ఎండాకాలం ఇంకో బాధ. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి పాడాలి. "చెమటకి నానిపోతుండావు, గాలికి రా" అని అమ్మ తలుపు కొడుతుంది. ఆ తలుపు చప్పుడూ రికార్డవుతుంది.

అదే ఎండల్లో హమ్ మొదలైంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్లు 100, 150 కలిసి సన్నగా "మ్మ్" అని వస్తుంటుంది. ఛార్జర్ పెట్టగానే పెరుగుతుంది, ల్యాప్‌టాప్ రేకు మీద వేలు పెడితే జిల్లుమంటుంది. కేబుళ్ళు మార్చాను, తగ్గలేదు. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత మూత తీసి చూశాడు. "అబ్బయా, ఇది ఎండి బీటలు వారింది, ఎర్త్ ఎట్టా పనిచేస్తాది" అని ఉప్పు, బొగ్గు వేసి బిందెలతో నీళ్ళు పోయించాడు. హమ్ దాదాపు పోయింది. ఇప్పుడు ఎండాకాలమంతా మొక్కలతో పాటు దానికీ నీళ్ళు పోస్తున్నాను.

కావలిలో ఉండే నా స్నేహితుడు డోలక్ వాయిస్తాడు. నా పాట, తాళం క్లిక్ కలిపి పంపితే ఫోన్‌లోనే రికార్డ్ చేసి తిప్పి పంపుతాడు. బ్లూటూత్ పెట్టుకోవద్దని వాడికి గట్టిగా చెప్పాను. అందులో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, వాయించింది తాళం వెనక పడుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్సే వాడాలి, ఫైలుని వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపాలి. వాడి ఫైలు నా పాట కింద పెట్టి, ఎడమచేతి దెబ్బ మొదటిసారి నా స్వరం కింద పడినప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది. ఈ కష్టమంతా దానికోసమే.

నెల్లూరులో పాట గురించి మాట్లాడితే బాలు గారిని తలుచుకోకుండా ఉండలేం. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని ఆయన 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ వీధిలో పోతుంటే నాకు ఆయన నాన్న, హరికథలు చెప్పిన సాంబమూర్తి గారు కూడా గుర్తొస్తారు. హరికథ చెప్పేవాళ్ళ గొంతు చివరి వరస దాకా పోవాలి. స్టూడియోలో పాడేవాళ్ళ గొంతు జానెడు దూరంలో ఉన్న మైకుకి చేరితే చాలు. ఒకే ఇంట్లో ఆ రెండు విద్యలూ ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఇప్పుడు నేను నేర్చుకుంటున్నది ఆ రెండోది. మైకుకి దగ్గరయ్యేకొద్దీ గొంతులో బరువు పెరుగుతుంది, ఆ బరువుని ఎక్కడ వాడాలో ఇంకా చేతికి రావాలి.

ప్రస్తుతం అమ్మ మంగళహారతులు రికార్డ్ చేస్తున్నాను. ఆమె ఐదు శృతికి పాడుతుంది కాబట్టి గది గొడవ వేరు, దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఈలోపు ఇంకో మూలకి పరుపులు కావాలి. నెల్లూరు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పాత దూది పరుపులు పడేసేవి ఉంటే చెప్పండి, నేనే ఆటో మాట్లాడుకుని వచ్చి తీసుకెళ్తాను.