క్వాడ్ చైన్‌కి లూబ్ కొట్టే ముందు కాస్త కడగండి బాబూ

వీకెండ్ కార్నెగీ (కాలిఫోర్నియాలో మట్టి బండ్లు నడిపే పార్కు) వచ్చే మన గ్యాంగ్‌లో కొత్తగా క్వాడ్, అంటే నాలుగు చక్రాల మట్టి బండి, కొన్న ప్రతివాడూ మొదట అడిగేది ఎగ్జాస్ట్ ఏది వేయించాలి, టైర్లు ఏవి బాగుంటాయి అని. కాస్త బాధ్యత ఉన్నోడైతే ఎయిర్ ఫిల్టర్ గురించి అడుగుతాడు. చైన్ గురించి మాత్రం ఎవడూ అడగడు, అది కటకటమని అరిచేదాకా. ట్రేసీ, మౌంటెన్ హౌస్ వైపు ఉండేవాళ్ళకి తెలిసిందే కదా, కారల్ హాలో రోడ్ మీద ఇంటి పక్కనే ఉన్నట్టు పార్కు, ఎండాకాలం అంతా పిండిలాంటి దుమ్ము, ఎండిపోయిన గడ్డి, వానలు పడితే జిగట బురద, ఇదంతా ముందు తినేది చైనే.

మనలో చాలామందికి చైన్ అంటే ఊళ్ళో మెకానిక్ షెడ్డు గుర్తొస్తుంది. ఏదో బండిలోంచి తీసిన నల్ల ఇంజిన్ ఆయిల్‌ని పాత డబ్బాలో పట్టి ఉంచి, వచ్చిన ప్రతి బండి చైన్ మీదా ధారగా పోసేవాళ్ళు, బండి కూడా బానే నడిచేది. ఎందుకు నడిచిందంటే స్ప్లెండర్‌కి చైన్ మొత్తం మూసేసే కవర్ ఉంటుంది, నడిచేది తారు రోడ్డు మీద. స్పోర్ట్ క్వాడ్‌కి ఆ కవర్ లేదు. పైగా వెనక టైరు 20 అంగుళాలే, అంటే యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఇరుసు) మధ్య భాగం నేలకి 10 అంగుళాల ఎత్తులో ఉంటుంది, దానికి 38 పళ్ళ స్ప్రాకెట్ (చైన్ ఎక్కి తిరిగే పళ్ళ చక్రం) వేలాడుతుంది, చూస్కుంటే స్ప్రాకెట్ కింది అంచుకి నేలకి మధ్య ఆరంగుళాల గ్యాప్ కూడా కష్టమే. చైన్ దాదాపు మట్టిలోనే తిరుగుతోంది అన్నమాట. దాని మీద జిగురుగా ఉండే ఆయిల్ పోస్తే దుమ్ము అంతా అతుక్కుని పళ్ళని అరగదీసే పేస్ట్ తయారవుతుంది. కడగకుండా లూబ్ (చైన్‌కి కొట్టే నూనె) కొట్టడం అంటే స్నానం మానేసి సెంటు కొట్టుకోవడమే.

ముందు ఒక విషయం తెలియాలి, ఇది తెలిస్తే మిగతాదంతా అదే అర్థమవుతుంది. నా క్వాడ్ యమహా రాప్టర్ 700, దానికి ఉన్నది 520 సైజు ఓరింగ్ చైన్, పెద్ద స్పోర్ట్ క్వాడ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే సైజు. ఇందులో ప్రతి పిన్ చుట్టూ ఫ్యాక్టరీలోనే గ్రీజు పెట్టి, రెండు పక్కలా చిన్న రబ్బరు రింగులతో, అవే ఓరింగులు, సీల్ చేసేస్తారు. మనం బయట కొట్టే లూబ్ ఆ పిన్ దాకా వెళ్ళదు, వెళ్ళకూడదు కూడా. బయటి లూబ్ పని మూడే, రోలర్లకీ స్ప్రాకెట్ పళ్ళకీ మధ్య రాపిడి తగ్గించడం, తుప్పు పట్టకుండా చూడటం, ఆ రబ్బరు ఎండిపోకుండా చూడటం. కాబట్టి మెయింటెనెన్స్ అంటే అసలు సంగతి ఆ రింగుల్ని కాపాడుకోవడమే. రింగు పోయిందా, లోపలి గ్రీజు బయటికొస్తుంది, మట్టి లోపలికెళ్తుంది, ఇక బయట మీరు ఎంత ఖరీదైన స్ప్రే కొట్టినా ఉపయోగం లేదు.

అందుకే పెట్రోల్‌తో కడగొద్దు, బ్రేక్ క్లీనర్ వద్దు, వైర్ బ్రష్ అసలే వద్దు. ప్రెషర్ వాషర్ పెట్టి చైన్ మీదకి దగ్గరనుంచి గురి చూసి కొట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ ప్రెషర్‌కి నీళ్ళు రింగుల్ని దాటి లోపలికి పోతాయి. కిరసనాయిలు బెస్ట్, లేదా ఓరింగ్ చైన్‌కి వాడొచ్చు అని డబ్బా మీద రాసున్న క్లీనర్ ఏదైనా సరే. మెత్తటి నైలాన్ బ్రష్ ఒకటి, పాత టూత్‌బ్రష్ ఒకటి, చిరిగిన టీషర్టులు, కింద పెట్టడానికి ఒక ట్రే, అంతే సామాను.

బండి వెనక భాగం జాకీ మీద లేపి స్టాండ్ పెట్టి, రెండు చక్రాలూ గాల్లో ఉండేలా చూసుకోవాలి, రెండు చక్రాలనీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ దీనికి లేదు కాబట్టి రెండూ కలిసే తిరుగుతాయి. న్యూట్రల్‌లో పెట్టి పార్కింగ్ బ్రేక్ తీసెయ్యాలి. తర్వాత చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ వేసి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పట్టుకునే వీడియోలు బోలెడున్నాయి, పని తొందరగా అయిపోతుంది నిజమే, గుడ్డతో పాటు వేళ్ళు కూడా స్ప్రాకెట్‌లోకి పోతాయి. ఈ ఒక్క విషయంలో నాతో వాదించొద్దు.

ఎండిన మట్టిని ముందు పొడి బ్రష్‌తో దులిపెయ్యండి, తర్వాత కిరసనాయిలు కొట్టి నాలుగు పక్కలా రుద్దండి, ముఖ్యంగా లోపలి వైపు, అంటే పళ్ళకి తగిలే వైపు. ఒకసారి రుద్ది తుడవగానే అయిపోయింది అనుకోవద్దు, గుడ్డ మీద నలుపు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ తుడవాలి. ఇలా చేత్తో ఒక్కో లింకూ తిప్పుతూ కడగడంలో ఇంకో లాభం ఉంది, చైన్ మొత్తాన్నీ కళ్ళతో చూస్తారు. ఎక్కడైనా రెండు ప్లేట్ల మధ్య నుంచి ఎర్రటి పొడి వస్తోందా చూడండి, కుంకుమంత సన్నగా ఉంటుంది, అది బయటి మట్టి కాదు, లోపల పిన్ తుప్పు పట్టి రాలుతున్న పొడి. ఆ లింకు రింగు పోయింది అని అర్థం. అలాగే స్ప్రాకెట్ దాటి వచ్చాక కూడా వంగిపోయి ఉండి, సాఫీగా తిన్నగా అవ్వని లింకు కనపడితే అది బిగుసుకుపోయింది. ఒకటి రెండు అలా ఉంటే చైన్ మీద ఒక కన్నేసి ఉంచండి, ఎక్కువ ఉంటే కడగడం ఆపి కొత్తది ఆర్డర్ పెట్టండి.

ఇప్పుడు ఎవరూ తియ్యని కవర్ గురించి. ముందు స్ప్రాకెట్ మీద ఇంజిన్ పక్కన చిన్న కవర్ ఉంటుంది, బోల్టులు విప్పితే వచ్చేస్తుంది, కానీ బండి కొన్నప్పటినుంచీ దాన్ని విప్పనివాళ్ళే ఎక్కువ. మా బావమరిది బండి మొన్న నా గ్యారేజ్‌లోనే విప్పాం. లోపల స్ప్రాకెట్ కనపడలేదు. పాత లూబూ మట్టీ కలిసి తారులా గట్టిపడిపోయి, చైన్ తిరగడానికి ఎంత దారి కావాలో అంతే వదిలి మిగతా అంతా నిండిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తుంటే పెళ్ళలు పెళ్ళలుగా ఊడొస్తోంది, ఒక పెళ్ళలో బఠాణీ గింజంత రాయి, స్ప్రాకెట్‌ని తిప్పే షాఫ్ట్ చుట్టూ ఎండు గడ్డి తాడులా పేనుకుపోయి ఉంది. "బావా, ఇదంతా నా బండిలోనేనా" అంటాడు. నీ బండిలోదే నాయనా, కార్నెగీ కొండ సగం మోసుకొచ్చావు అన్నా. నవ్వుకోడానికి బానే ఉంది గానీ, ఆ గడ్డి షాఫ్ట్ వెనకున్న ఆయిల్ సీల్‌ని కోసేస్తుంది, ఇంజిన్ ఆయిల్ కారడం మొదలవుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే అక్కడ రాయి ఇరుక్కుని చైన్ ఎగిరిందంటే ముద్దకట్టి నేరుగా ఇంజిన్ కేస్‌ని కొడుతుంది, అది అల్యూమినియం, పగిలిందంటే బిల్లు వేలల్లో ఉంటుంది, డాలర్లలో. కాబట్టి చైన్ కడిగినప్పుడల్లా కాకపోయినా అప్పుడప్పుడైనా ఆ కవర్ విప్పండి.

కడిగాక బాగా ఆరనిచ్చి లూబ్. రైడ్ అయ్యాక చైన్ వేడిగా ఉన్నప్పుడు కొడితే ఇంకా మంచిది, లోపలికి పాకుతుంది, పైగా మళ్ళీ బండి తీసేలోపు ఆరడానికి టైం దొరుకుతుంది. పార్కింగ్‌లో కొట్టేసి వెంటనే ఎక్కి పోతే సగం లూబ్ మీ ఫెండర్ మీదే ఉంటుంది. కింది వరసలో, లోపలి వైపు నుంచి కొట్టాలి, తిరిగేటప్పుడు ఎలాగూ బయటికే తోసుకొస్తుంది కాబట్టి. పావుగంట ఆగి, పైకి కనిపించేదంతా గుడ్డతో తుడిచెయ్యండి. అవును, కొట్టిందే తుడవమంటున్నా, అవసరమైనది లోపల రోలర్ల దగ్గర ఉంటుంది, పైన మెరిసేది దుమ్ముకి ఎర మాత్రమే. కార్నెగీ దుమ్ముకైనా, ఓషియానో డ్యూన్స్ (సముద్రం ఒడ్డున ఇసక దిబ్బలు) ఇసకకైనా నేను వ్యాక్స్ టైపే వాడతా, ఆరాక పొడిగా ఉంటుంది. బురద రోజుల్లో 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పల్చగా రాస్తా, చవక, రబ్బరుకి హాని లేదు. ఓషియానో నుంచి వచ్చినప్పుడు మాత్రం ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే మంచినీళ్ళతో, మామూలు పైపుతో కడగాల్సిందే, అది సముద్రం ఒడ్డు, ఉప్పు తెల్లారేదాకా ఆగదు.

చైన్ ఎంత లూజుగా ఉండాలి అన్న దగ్గర మనవాళ్ళకి ఇంకో పిచ్చి, చైన్ వేలాడుతుంటే చూడలేరు, వీణ తీగలా బిగించేస్తారు. మనం సీట్లో కూర్చున్నప్పుడూ, జంప్ చేసి దిగినప్పుడూ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాలని మోస్తూ పైకీ కిందకీ ఊగే చెయ్యి) పైకి లేస్తుంది, ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఊగే పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా టైట్ అవుతుంది. ఇంట్లో నిలబెట్టి ఉన్నప్పుడే టైట్‌గా ఉంటే అప్పుడు ఏమవ్వాలి? ముందు షాఫ్ట్ బేరింగూ, వెనక క్యారియర్ (యాక్సిల్‌ని పట్టి ఉంచే భాగం) బేరింగూ ఆ దెబ్బ తింటాయి. లూజు చైన్ ముందే చప్పుడు చేసి చెప్తుంది, టైట్ చైన్ ఏమీ చెప్పకుండా బేరింగులు తినేస్తుంది. మీ మాన్యువల్‌లో ఎన్ని మిల్లీమీటర్లు రాసుందో, ఎలా కొలవమన్నాడో అదే ఫైనల్, మనిషి కూర్చుని కొలవాలా ఖాళీగా కొలవాలా అన్నది కూడా అందులోనే ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా టైట్‌గా ఉన్నచోట అడ్జస్ట్ చెయ్యాలి. కొన్ని బండ్లకి అడ్జస్టర్ బోల్టులుంటాయి, కొన్నిటికి క్యారియర్ మొత్తాన్నీ తిప్పాలి, ఏదైనా సరే ముందు క్యారియర్‌ని పట్టి ఉంచే బోల్టులు వదులు చెయ్యాలి, తర్వాత వాటిని టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువో కొలిచే పానా) బిగించాలి, చెయ్యి అందాజాతో కాదు.

అరుగుదల చూడటానికి టేపు చాలు. 520లో పిన్‌కి పిన్‌కి దూరం 15.875 మిల్లీమీటర్లు, చైన్‌ని లాగి పట్టుకుని 21 పిన్నులు లెక్కపెడితే మధ్యలో 20 లింకులు, కొత్తప్పుడు అది 317.5 ఉండాలి. రెండు శాతం సాగితే 324 దగ్గరికి వస్తుంది, అక్కడికొస్తే ఇంక దాన్ని అడ్జస్ట్ చేస్తూ కూర్చోవద్దు. స్ప్రాకెట్ పళ్ళు ఒక వైపుకి కొక్కెంలా వంగినా అంతే. మార్చేటప్పుడు చైనూ, రెండు స్ప్రాకెట్లూ సెట్‌గా మార్చండి, అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే అది కూడా తొందరగానే పోతుంది. చైన్ రెండు చివర్లనీ కలిపే లాక్ క్లిప్ టైపు అయితే క్లిప్ మూసుకున్న వైపు చైన్ వెళ్ళే దిశలో ఉండాలి, తెరిచిన వైపు ముందుకు పెడితే ఏ రాయో తగిలి ఊడిపోతుంది. ఒక స్పేర్ లాక్, లింకు విప్పే చిన్న చైన్ బ్రేకర్ సీటు కింద పడేసి ఉంచండి.

నల్లగా మిగిలిన కిరసనాయిలు వీధి డ్రెయిన్‌లో పొయ్యకండి, డబ్బాలో పట్టి కౌంటీ హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో ఇచ్చెయ్యండి. పిల్లల చిన్న క్వాడ్లకి చాలావాటికి ఓరింగులుండవు, వాటికి లోపల గ్రీజు సీల్ లేదు కాబట్టి ప్రతి రైడ్ తర్వాతా నూనె పడాల్సిందే, అక్కడ ఊరి మెకానిక్కే కరెక్ట్, కాకపోతే కొత్త ఆయిల్ వాడండి.

ఇక "అన్నా నాది హోండా రాంచర్, చైన్ ఎక్కడుందో కనపడట్లేదు" అని మెసేజ్ పెట్టిన తమ్ముడికి: నీది షాఫ్ట్ డ్రైవ్ నాయనా, చక్రాలని తిప్పేది షాఫ్టే, నీకు చైనే లేదు, వెళ్ళి వెనక ఫైనల్ డ్రైవ్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చావో చూస్కో.