గిన్నెకి అంటుకున్న గిద్ద

మనం మూడో గీత అని పిలిచే మన క్లాసువాడు బడి జ్ఞాపకాల సంచిక కోసం ఫోన్ చేసి "రెండు పేజీలు, ఆదివారం లోపల" అన్నాడు. కమిటీలో చేరాక వాడి గొంతే మారిపోయింది. వేపచెట్టు మీద ఇప్పటికే అయిదు వ్యాసాలొచ్చాయట, గోడ దూకిన సంగతి మీద రెండు. "నువ్వు లెక్కల సార్ మీద రాయవే" అన్నాడు. వాడు చెప్పకపోయినా నేను రాసేది ఆయన గురించే.

నిజం చెప్పొద్దూ, ఆరు, ఏడు తరగతుల్లో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. తొమ్మిదంతా పచ్చకామెర్లకి పోయింది. పదంటే స్టడీ అవర్లు, దోమలు. మిగిలింది ఎనిమిదో తరగతి. అందులోనూ 2010 చివర్లో ఓ మూడు వారాలు.

సార్ రేఖీయ సమీకరణాలు మొదలుపెట్టిన రోజు పాఠ్యపుస్తకం తెరవలేదు. అట్ట ఊడి, పురికొస కట్టిన ఒక పాత పుస్తకం తెచ్చారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికలవి. "వంద గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు. యాభైలో ఎంత?" అనడిగారు. వెనక బెంచీ నుంచి 3.4 అని వినిపించింది. చెప్పింది మనం డబ్బా అని పిలిచేవాడంటే నేనిప్పటికీ నమ్మను.

అడ్డంగా బియ్యం, నిలువుగా మాంసకృత్తులు. చుక్కలు పెట్టి కలిపితే మూలబిందువు నుంచి, అంటే రెండు సున్నాలూ కలిసే చోటు నుంచి, బయల్దేరిన గీత. అదే కాగితం మీద కందిపప్పు, 22.3. ఆ తర్వాత వేరుశనగ, 25.3. బియ్యం గీత మంచం మీద వాలినట్టు పడుకుంది, కందిపప్పు లేచి నిలబడింది, వేరుశనగ దాని భుజం మీదుగా తొంగి చూసింది. "వాలంటే ఇదేరా. గ్రాముకి ఎంత ఇస్తుందో అంత" అన్నారు సార్. నిర్వచనం రాయించనేలేదు. యూనిట్ పరీక్షలో దానికి నాకు ఒక మార్కు పోయింది.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు వచ్చింది. గుడ్డంతా కలిపి 50 గ్రాములనుకుంటే అందులో మాంసకృత్తులు 6.6. అంటే కంచంలో మెతుకు పడకముందే 6.6 ఉంది. గీత మూలబిందువు దగ్గర కాకుండా పైన మొదలైంది, వాలు మాత్రం మారలేదు. గొర్రు తోలిన సాళ్ళలా రెండూ పక్కపక్కన పోతున్నాయి. ఆ రోజు రాని వాళ్ళ గుడ్డు ఎవరు తిన్నారని సార్ అడిగినప్పుడు క్లాసంతా ఒకే వైపు తిరిగింది. సార్ తిట్టలేదు. ఇంకో 6.6 పైకి జరిపి మూడో గీత గీసి, "ఇది మనవాడిది" అన్నారు. వాడికి ఆ పేరు అప్పుడే పడింది.

మనకి, అంటే ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్ళకి, మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని ప్రభుత్వ లెక్క. బియ్యం 150 గ్రాముల్లో 10.2, పప్పు 30 గ్రాముల్లో 6.7. మొత్తం 16.9. గుడ్డు పడితే 23.5. గుడ్డు లేని రోజు తక్కువైన మూడు గ్రాములూ కూరలో వెతుక్కోమన్నారు. మన కూరలో ఏం దొరికేదో మీకు తెలుసు.

ఆ ఊపులో సార్ మన చేత పెద్ద గ్రాఫు గీయించి వంటగది గోడకి అతికించారు: పిల్లలెందరైతే పప్పు ఎంత. మన సెక్షన్ 63 మందికి కిలో 890 గ్రాములు. మర్నాడు రెండో పీరియడ్‌లో మనకి వంట చేసే అత్త గరిటెతో సహా క్లాసులోకి వచ్చేసింది.

"నేను పిల్లల పప్పు మింగుతున్నానా సారూ?"

సార్ మొహం చూడాలి. "అది కాదమ్మా, అది పాఠం..." అంటున్నారు గానీ అత్త వినే దారిలో లేదు. "నాకు గీతలొద్దు. ఏడుగురికి సోలెడు. ఎందరొచ్చినా పైన ఒక గిద్ద. గిన్నెకి అంటుకునేది పిల్లల కింద రాయలేను కదా!"

సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత సుద్దముక్క తీసుకుని, అత్త చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద గీశారు. ఏడుగురికి సోలెడు, అదీ వాలు. పైన గిద్ద, అంటే సోలలో పావు, అదీ అంతరఖండం, గీత నిలువు అక్షాన్ని తాకే చోటు. "మన గ్రాఫు మూలబిందువులో మొదలుపెట్టాం. తప్పు. గిన్నె సంగతి మర్చిపోయాం" అన్నారు. డబ్బా ఊరుకుంటాడా? "ఒక్కరూ రాకపోతే సార్?" అన్నాడు. సార్ నోరు తెరిచేలోపే అత్త అందుకుంది: "ఒక్కరూ రాకపోతే పొయ్యెందుకు వెలిగిస్తానురా?" సార్ డస్టర్ తీసుకుని సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్న గీత ముక్క తుడిచేశారు. ఆ తర్వాత బీఎస్సీలో సంఖ్యాశాస్త్రం చదివాను గానీ, గీత ఎక్కడ మొదలవ్వాలో అంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచీ ఆమె మనకి గిద్దత్త.

నా సంగతి కూడా రాయమన్నాడు మూడో గీత. గుంటూరు హోమ్ సైన్స్ కాలేజీలో చదివాను, పీజీ చేశాను, ఇప్పుడు విజయవాడలో పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్‌ని. మా నాన్న మిల్లు నుంచి నూకలు తెచ్చిన రోజులు మీలో కొందరికి తెలుసు. మొన్న నా కార్డు మీద పేరు చదివి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

2017లో ఆ పోషకాహార సంస్థ కొత్త పట్టికలు తెచ్చింది. బియ్యం 7.9, కందిపప్పు 21.7. సార్ గీతలు రెండూ కాస్త కదిలాయి. ఆయనకి ఫోన్ చేసి చెబితే "పెన్సిల్‌తో గీయించింది అందుకేగా" అన్నారు.

మా దగ్గరికి టైప్ వన్ షుగర్ పిల్లలొస్తారు. తినే పిండిపదార్థాన్ని బట్టి ఇన్సులిన్. ఒకరికి 15 గ్రాములకి ఒక యూనిట్, ఇంకొకరికి పదికే ఒకటి. ఎవరి వాలు వాళ్ళదే, డాక్టరు తేలుస్తారు. రక్తంలో చక్కెర అప్పటికే ఎక్కువుంటే దాన్ని దించడానికి పైన ఇంకొంత కలపాలి. ఈ పైనదే ఇళ్ళల్లో వాళ్ళకి ఎక్కదు. పోయిన నెల ఓ మామ్మగారు మనవణ్ణి తీసుకొచ్చింది. ఇడ్లీ తగ్గించినా సూది తగ్గలేదేమని నాతో పోట్లాట. గిద్దత్త పప్పు సంగతి చెప్పాను. సగంలోనే ఆపి, "అంటే ఇది గిన్నెకి అంటుకునేదన్నమాట" అంది.

ఫొటో కూడా కావాలట. వంటగది గోడ మీది గ్రాఫు ఆ వేసవికే పొగచూరిపోయింది. మూడు గీతల కాగితం మాత్రం ఎవరో పదో తరగతి దాకా లెక్కల నోటులో దాచుకున్నారు, నేను చూశాను. ఇంకా ఉంటే మూడో గీతకి పంపండి. వాడు ఇవ్వొద్దంటాడు, అయినా పంపండి.