వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి పన్నెండా?

జనవరిలో లండన్ నుంచి న్యూయార్క్‌కి టికెట్ తీసుకుని అక్కకి పంపితే, ఆవిడ వెంటనే ఫోన్ చేసి, "వెళ్లడానికి మూడు గంటలే పట్టి, రావడానికి పన్నెండు పట్టడమేంట్రా?" అంది. చూస్తే నిజంగానే అలాగే కనిపిస్తోంది. పగలు 11కి బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం 2కి దిగుతాను, వచ్చేటప్పుడు రాత్రి 9కి ఎక్కి మర్నాడు ఉదయం 9కి దిగుతాను. న్యూయార్క్ గడియారం లండన్ కంటే 5 గంటలు వెనక నడుస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు 5 కలపాలి, వచ్చేటప్పుడు 5 తీసెయ్యాలి. అంటే పోను 8, రాను 7. అక్క ఈ లెక్క ఒప్పుకుని ఇంకోటి పట్టుకుంది: దారి ఒకటే కదా, ఆ గంట తేడా ఎక్కడిది?

అందుకే ఈసారి సినిమాలు పెట్టుకోకుండా ముందున్న స్క్రీన్ మీద మ్యాప్ చూస్తూ కూర్చున్నాను.

లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్ నుంచి న్యూయార్క్ జెఎఫ్‌కె ఎయిర్‌పోర్ట్‌కి దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. న్యూయార్క్ లండన్ కంటే బాగా దక్షిణాన ఉన్నా విమానం మాత్రం ముందు వాయవ్యం వైపు తిరిగింది, ఐర్లాండ్ దాటి సముద్రం మీదుగా పోయి కెనడా తీరం దగ్గర కిందికి వంగింది. పక్క సీటాయన చుట్టూ తిప్పుతున్నారని అనుకున్నాడు కానీ, బంతి మీద రెండు చుక్కలు పెట్టి మధ్యలో దారం బిగించి చూడండి, అది కూడా అలాగే పైకి వంగి వస్తుంది. అదే దగ్గర దారి.

స్క్రీన్ మీద వేగం 790 దగ్గరే ఆడుతోంది. దాని కింద ఎదురుగాలి, గంటకి 110 కిలోమీటర్లు. నాకు జవాబు అక్కడే దొరికింది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరులా పారుతుంటుంది, చలికాలంలో మరీ జోరుగా ఉంటుంది. పైగా దారి కూడా ఒకటి కాదు! అట్లాంటిక్ మీద విమానాలు నడిచే దారుల్ని గాలిని బట్టి ఏ రోజుకారోజు గీస్తారు, తూర్పుకి పోయేవాటికి గాలి కలిసొచ్చేలా, పడమరకి పోయేవాటికి వీలైనంత తప్పేలా.

తిరుగు ప్రయాణంలో అదే స్క్రీన్ మీద 1,065 కనిపించింది. ఇంజిన్లు అదనంగా ఏమీ చేయడం లేదు, విమానం గాలిలో పోయే వేగం 900 దగ్గరే ఉంది, ఆ గాలే మొత్తం కదిలిపోతూ మమ్మల్ని మోసుకుపోతోంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలులప్పుడు ఇదే దారిలో ఒక ప్రయాణికుల విమానం 5 గంటల లోపే లండన్ చేరిందంటే ఆ బలం ఎంతో ఊహించుకోవచ్చు.

ఐర్లాండ్ మీదకి వచ్చేసరికి కిటికీలో ఎర్రటి గీత మొదలైంది. 8:20కి చక్రాలు నేలకి తగిలాయి, గాల్లో ఉన్నది 5 గంటల 50 నిమిషాలు. అక్కకి మెసేజ్ పెడితే, "మరి టికెట్‌లో 7 అని ఎందుకుంది?" అని జవాబు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారక్కా, న్యూయార్క్‌లో రన్‌వే కోసం అరగంట లైన్లో నిలబడ్డాం అని టైప్ చేస్తున్నాను, విమానం ఇంకా మెల్లగా గేటు వైపు పాకుతూనే ఉంది.