ఏరు లేని దీవిలో నీళ్లు

వంశధార, నాగావళి పక్కన బతికే మన శ్రీకాకుళం వాళ్లకి ఆఫ్రికా తూర్పున హిందూ మహాసముద్రంలో ఉన్న కొమొరోస్ దేశంలోని గ్రాండ్ కొమోర్ దీవి ఓ పట్టాన అర్థం కాదు. వానలు దండిగా పడతాయి, ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. 2,361 మీటర్ల కర్తాలా అగ్నిపర్వతం పోసిన కొత్త లావా రాయి నిండా సందులే. పడిన నీరు పడినట్టే ఇంకిపోతుంది. తీరం బావుల్లో ఉప్పు తగులుతుంది. అందుకే ఇంటి కప్పు మీది వాన నీటిని తొట్టెల్లో పడతారు. 2005లో కర్తాలా పేలి, దాని బూడిద రాలి ఆ తొట్టెలే పాడయ్యాయి.

బూడిద రాకముందే కప్పు నీటిని తొట్టెలోకి తెచ్చే గొట్టం ఊడదీసి తొట్టెకి మూత బిగించాలి. కప్పు ఊడ్చి, తొలి వాన నీరు బయటికి వదిలాకే గొట్టం మళ్లీ తగిలించాలి. బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు, ముందు తేరనివ్వాలి.

పక్కనున్న అంజువాన్ పాత దీవి, ఏర్లున్నాయి. అడవి నరికేయడంతో అవీ ఎండుతున్నాయి, నాకు అదే ఎక్కువ బాధ.