పిల్లల ట్రీస్టాండ్ హార్నెస్: మేం ఎలా ఎంచుకున్నామంటే

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2017 నుంచి పెద్దవాళ్ల వెంట వేటకెళ్లే పిల్లలకు కనీస వయసు లేదు. చట్టం వయసు అడగకపోయినా, చెట్టు మీంచి పడకుండా ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్ మాత్రం బరువు అడుగుతుంది. ట్రీస్టాండ్ అంటే మన చేలల్లో మంచె లాంటిదే, చెట్టుకు బిగించిన చిన్న సీటు. అందుకే పిల్లకు హార్నెస్ కొనే ముందు మేం తీసింది టేపు కాదు, బరువు చూసే మెషీన్.

పెద్దవాళ్ల హార్నెస్ మీద 300 పౌండ్లని పెద్దక్షరాల్లో ఉంటుంది. అందరి కళ్లూ అక్కడే ఆగుతాయి. పిల్లలకు కావలసింది కింది అంకె, అంటే కనీస బరువు. హార్నెస్ వెనక నుంచి చెట్టుకు కలిపేది టెథర్. చాలా టెథర్లలో మడిచి కుట్టిన పట్టీ ఉంటుంది. మనిషి పడ్డప్పుడు ఆ కుట్లు ఒక్కొక్కటే తెగుతూ కుదుపును తగ్గిస్తాయి. కుట్ల గట్టిదనం పెద్దవాళ్ల బరువుకు లెక్కగట్టింది. 55 పౌండ్ల పిల్ల పడితే అవి తెగకపోవచ్చు, కుదుపంతా ఒంటికే తగులుతుంది. లేబుల్ మీద 50 నుంచి 120 పౌండ్లని ఉంటే, పిల్ల బూట్లూ కోటూ తీసేశాక కూడా 50 దాటాలన్నది మా లెక్క. పై అంకెకు మాత్రం బట్టలూ సామానూ కలుపుకోవాలి.

నడుముకీ తొడలకీ మాత్రమే ఉండే హార్నెస్ వద్దు. చిన్నపిల్లలకు తుంటి ఇంకా విచ్చుకోదు, తలకిందులైతే అందులోంచి జారిపోతారు. భుజాలు, ఛాతీ, రెండు తొడలూ పట్టే ఫుల్ బాడీదే కావాలి.

తొడిగి చూడటం నవంబర్ బట్టలతోనే. టీషర్టు మీద సరిపోయింది కోటు మీద బకిల్ పడదు. కోటు మీద బిగించామా, బరువు పడగానే దూది అణిగి పట్టీ వదులైపోతుంది. అందుకని పల్చటి స్వెటర్ మీద బిగించి, కోటు పైన వేసి, టెథర్‌ను మెడ వెనక నుంచి బయటికి తీశాం. తొడపట్టీ కింద అరచెయ్యి పట్టాలి, పిడికిలి పట్టకూడదు. పట్టీ మెలిపడితే అక్కడే కోసుకుంటుంది, వేళ్లతో చివరిదాకా తడిమి చూడాలి.

తర్వాత వేలాడే పరీక్ష. పాదాలు నేల నుంచి ఆరంగుళాలే లేవాలి, పెద్దవాళ్లు ఒకరు పక్కనే పట్టుకుని ఉండాలి, నిమిషం చాలు. అసలు లోపాలు ఇక్కడే బయటపడతాయి. తొడపట్టీలు వదులుగా ఉంటే ఒళ్లు కిందికి జారి, ఛాతీ బకిల్ గొంతు దాకా వస్తుంది. అలా వచ్చిందంటే మళ్లీ బిగించాలి, అప్పటికీ ఆగకపోతే ఆ సైజు పనికిరాదు. వేలాడుతూ ఉంటే తొడపట్టీల ఒత్తిడికి రక్తం కాళ్లలో ఆగిపోతుంది. కాలు పెట్టి లేవడానికి ఇచ్చే రిలీఫ్ స్ట్రాప్ పెద్దవాళ్ల కాలి పొడవుకు ఉంటే పిల్లకు అందదు. ముందే కురచ చేసి, అందులో కాలు పెట్టడం పిల్లే చేసి చూపించాలి.

సీటులో కూర్చున్నప్పుడు టెథర్ సడలకూడదు. పిల్ల పొట్టి కాబట్టి చెట్టుకు కట్టే పట్టీని మనకంటే కిందికి కట్టాలనిపిస్తుంది. అది తప్పు, కిందికి కట్టినకొద్దీ పడే దూరం పెరుగుతుంది.

నిచ్చెన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే చాలామంది పడతారు. అందుకు పైనుంచి నేలదాకా లైఫ్‌లైన్ తాడు, దానిమీద టెథర్ తగిలించే ప్రూసిక్ ముడి. చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే తాడును బిగించి పట్టుకుంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో తాడు, నిచ్చెన మీద ఒకసారికి ఒక్కరే. ముడి ఎప్పుడూ పిల్ల తలకు పైనే ఉండాలి. గ్లవ్స్ వేసుకున్న చిన్న వేళ్లకు బిగుసుకున్న ముడిని జరపడం తేలిక కాదు. అది తనంతట తాను జరపగలిగేదాకా పిల్లకు నేలమీది బ్లైండే, అంటే దాక్కుని కూర్చునే గుడారం లాంటిదే.

తెలిసినవాళ్లు పాతది ఇస్తామంటే లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. చాలావాటికి ఐదేళ్లే గడువు. ఒకసారి పడినది, కుట్లు తెగినది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. లేబుల్ చెరిగిపోయి ఉన్నా అంతే.